మైకు ఒక్కటే విన్న దగ్గు

పోయిన వారం పిట్టని మనం జ్వరంతో వదిలేశాం. పెద్ద జ్వరమేం కాదు. నుదుటి మీద తన చెయ్యి తనే వేసి చూసుకుంటే, ఒకసారి ఉందనీ ఒకసారి లేదనీ అనిపించేంత జ్వరం. ఉందో లేదో తేలకముందే ఆ మనిషి ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, పనికి బయల్దేరింది.

మరిచిపోయినవాళ్ళ కోసం మిగతాది కూడా చెప్పేస్తాను. పిట్ట అసలు పేరు ఇంట్లోవాళ్ళే వాడరు. డబ్బింగ్ థియేటర్లో చంటిపిల్లలకీ, బొమ్మల సినిమాల్లో ఉడతలకీ కుందేళ్ళకీ గొంతు ఇస్తుంది కాబట్టి పిట్ట. ఏడాదిగా ఒంట్లో కండ కరిగిపోయి మనిషి కూడా పేరుకి తగ్గట్టే తయారైంది. పేగుల్లో వాపు, పుళ్ళు. ఒంటిని కాపాడాల్సిన శక్తే తిరగబడి పేగుల్ని కొరుకుతోందని, కంచే చేను మేయడమంటే ఇదేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ కంచెని కాస్త వంచాలి. వంచడానికి రోజూ వేసుకునే స్టెరాయిడ్ మాత్రలు సరిపోక, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదటిది అయింది. రెండోది ఇవాళ మధ్యాహ్నం.

కంచె వంచితే చేను దక్కుతుంది, నిజమే. దారిన పోయే పశువు లోపలికి రావడమూ తేలికవుతుంది. అందుకే మొదటి ఇంజెక్షన్‌కి ముందు డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రే తీయించింది, టీబీ ఉందేమోనని రక్తం పరీక్ష చేయించింది. లేదని వచ్చింది. అయినా ఆవిడ ఊరుకోలేదు. స్టెరాయిడ్ వేసుకునేవాళ్ళలో ఈ పరీక్ష ఒక్కోసారి తప్పు చెబుతుంది, అందుకని నోటితో కూడా అడుగుతున్నానంది. ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా? ఇదివరకెప్పుడైనా ఎవరికైనా టీబీ వచ్చిందా? పిట్ట నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న భర్త లేదండీ అన్నాడు. పిట్టకి తెలిసిన జవాబు కూడా అదే. ఇంట్లో ఉండేది తనూ, ఆయనా, అత్తయ్యా. ఆ ఇంట్లో ఈమధ్య దగ్గన్నది ఆమె వినలేదు.

ఇక ఈ వారం సంగతి.

డబ్బింగ్ థియేటర్ అంటే పేరే గానీ లోపల ఉన్నవి రెండు గదులు. ఒకదాన్లో మైకు, తెర, కాగితాలు పెట్టుకునే స్టాండు. గోడలనిండా మెత్తలు, కిటికీ అన్నది లేదు. రికార్డింగ్ జరుగుతున్నంతసేపు చప్పుడు చేస్తుందని ఏసీ కూడా ఆపేస్తారు. ఉన్న గాలినే అందరూ పంచుకోవాలి. రెండో గదిలో మీటల బల్ల ముందు సౌండ్ ఇంజనీర్ కూర్చుంటాడు. ఈ రెంటికీ మధ్య మందపాటి అద్దం. అద్దంలోంచి మనిషి కనిపిస్తాడు గానీ, ఆయన మీట నొక్కితే తప్ప మాట వినిపించదు.

ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. మైకు ముందు ఆర్టిస్టులు గాజులు తీసేసి, గరగరలాడని నూలు బట్టలు కట్టుకుని నిలబడినా సరే, మనిషి ఒంట్లోంచి వచ్చే చప్పుళ్ళు ఆగవు కదా. పెదవుల తడి, మోకాలి టకటక, ఆకలేసిన కడుపు. అవన్నీ ఏరి కోసిపారేయడం ఆయన పని. కోసినదాని గురించి ఎప్పుడూ ఎక్కడా మాట్లాడకపోవడం ఆ వృత్తిలో మర్యాద. ఏ హీరోయిన్‌కి ముక్కు కారుతోందో, ఏ విలన్‌కి పెట్టుడు పళ్ళు కదులుతున్నాయో ఆయనకి తెలుసు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదని ఆవిడే అందరి దగ్గరా వాపోతుంది.

ఆ పూట పిట్ట పని ఒక ఉడత. గద్ద తరుముతుంటే చెట్టు చుట్టూ పరిగెత్తాలి. ఆ పరుగంతా నిలబడ్డ చోటే గొంతులో పరిగెత్తేసరికి పిట్టకి కళ్ళు తిరిగాయి. చెవులాయన మీట నొక్కి, కాసేపు ఇటొచ్చి కూర్చోమన్నాడు. అదే థియేటర్లో గొంతు చెప్పే అత్తయ్య ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు నింపుకు రావడానికి బయటికి వెళ్ళింది. పిట్ట మీటల బల్ల పక్కన కూలబడి, మధ్యాహ్నం ఇంజెక్షన్ ఉందనీ, తన భర్త వచ్చి తీసుకెళ్తారనీ, డాక్టరమ్మ దగ్గు గురించి ఎలా గుచ్చి గుచ్చి అడిగిందో కూడా చెప్పింది. ఊరికే చెప్పింది. చెవులాయన చెయ్యి మీటల మీద ఆగిపోయింది.

"ఏం చెప్పారమ్మా డాక్టర్‌కి?"

"ఉంటే కదా బాబాయ్ చెప్పడానికి. ఆయన రాయిలా ఉన్నారు. అత్తయ్య సంగతి మీకు తెలియందేముంది."

"తెలుసు," అన్నాడాయన. "అందుకే అడిగాను."

మర్యాద పాటించి పాటించి అలవాటైన మనిషికి దాన్ని దాటడం అంత తేలిక కాదు. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి పిట్ట చేతికిచ్చి, పొద్దున అత్తయ్య చెప్పిన సీను, ఇంకా శుభ్రం చేయనిది, వినిపించాడు.

రాజమాత కొడుకుని శపించే సీను. అత్తయ్యది ఆ థియేటర్లో పెద్దగొంతు. మహారాణులకీ, కోడళ్ళని కాల్చుకు తినే అత్తలకీ, పోయేముందు ఆస్తి వివరాలన్నీ ఒక్కటి మిగల్చకుండా చెప్పి మరీ పోయే తల్లులకీ ఆవిడే మాట్లాడాలి. ఆ గొంతు దగ్గరే పిట్ట పని నేర్చుకుంది. ఆ ఇంటికి కోడలు కావడం తర్వాతి మాట. ఆవిడ మాట విరుపు ఎక్కడుంటుందో, ఊపిరి ఎక్కడ తీస్తుందో పిట్టకి నిద్రలో కూడా తెలుసు. ఇప్పుడు విన్నది ఆవిడ మాటల్ని కాదు, మాటల మధ్య ఖాళీల్ని. తెర మీద రాజమాత కళ్ళెర్రజేసి చూస్తున్నంతసేపూ, ఇక్కడ మూసిన నోట్లో ఏదో విరిగిన చప్పుడు. గుటక. మళ్ళీ ఆ చప్పుడే. ముక్కుతో వదిలిన పొడుగాటి ఊపిరి, దాని చివర సన్నగా పిల్లికూత. ఆ వెంటనే వణుకన్నది లేకుండా శాపం.

పిట్ట హెడ్‌ఫోన్స్ తీసేసింది. ఎప్పటినుంచి అని అడిగింది. చలి మొదలవకముందు నుంచే కోస్తున్నానన్నాడు చెవులాయన. మొదటి ఇంజెక్షన్ చలిలోనే పడింది.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగబోయింది పిట్ట. ఆయన ముందే తల దించుకుని, "నీ కడుపులో చప్పుళ్ళు కూడా నేనే కోస్తున్నాను కదమ్మా, ఎవరికైనా చెప్పానా?" అన్నాడు. నిజమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, తన జబ్బు నిర్మాతలెవరికీ తెలియకూడదని ఆయన్ని బతిమాలుకున్నది తనే. ఏ మర్యాద చాటున తను ఏడాదిగా బతికిందో అదే మర్యాద ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

అత్తయ్య ఫ్లాస్కుతో వచ్చింది. పిట్ట ఏమీ అనకుండా ఆవిడ్ని మైకు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఆ భవనం మొత్తంలో ఇద్దరాడవాళ్ళు మనసు విప్పి దెబ్బలాడుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చెవులాయన అద్దం అవతల మీట మీంచి చెయ్యి తీసేసి, వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు.

"దగ్గు ఎప్పటినుంచి అత్తయ్యా?"

అత్తయ్య అబద్ధమాడటానికి ప్రయత్నించలేదు. చెవులాయన వీపు వంక ఒకసారి చూసి, తమ్ముడు చెప్పాడా అని మాత్రం అడిగింది. వినిపించాడని పిట్ట అంది. అత్తయ్య స్టూలు మీద కూర్చుంది. అలా కూర్చున్నాక రాజమాత గొంతు ఎటుపోయిందో, ముసలావిడ మాత్రం మిగిలింది.

ఆవిడ చెప్పుకున్నది మొదట గొంతు గురించే. ఈ వృత్తిలో దగ్గుందని తెలిసిన మర్నాడే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పాతికేళ్ళ పిల్లలు కూడా రాజమాత గొంతు చెబుతామని గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాలుక అంగిట్లో నొక్కిపెట్టి దగ్గుని మింగడం, మిగిలింది ముక్కుతో వదలడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యే పిట్టకీ నేర్పింది. ఇంట్లో మరీ ఆగకపోతే స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పేది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మైకు ముందు ఆ సామెత పనికిరాలేదు.

"మరి గ్లాసు వేరుగా ఎందుకు పెట్టుకున్నారు? నా పక్కన కూర్చోవడం ఎందుకు మానేశారు?" అంది పిట్ట. "నా జబ్బంటే మీకు అసహ్యం వేసిందనుకున్నాను. ఎన్నిసార్లు ఏడ్చానో మీకు తెలుసా?"

"నీది అంటుకునేది కాదని నాకు తెలియదుటే పిచ్చిదానా," అంది అత్తయ్య. "నాది అంటుకుంటుందని భయం."

పిట్టకి ఆవిడ్ని కావలించుకోవాలనిపించింది. ఆ వెంటనే చేతిలో ఉన్న కాగితాలన్నీ ఆవిడ మొహాన కొట్టాలనిపించింది. ప్రేమా కోపమూ ఒకేసారి రావడం కుటుంబాల్లో కొత్తేమీ కాదు గానీ, ఆ పూట కోపానిదే పైచేయి అయింది. గ్లాసు వేరు పెట్టుకుంటే సరిపోతుందా అని నిలదీసింది. ఇక్కడ ఇద్దరం ఒకే మైకుకి చెరోపక్కా చెంపలు ఆనేంత దగ్గరగా నిలబడి పనిచేశాం కదా, ఈ గదికి కిటికీ కూడా లేదు కదా అంది. మొన్నటి వారం నుంచి మన ఇద్దరి సీన్లూ విడివిడిగా తీయమని తమ్ముడితో చెప్పానుగా అని అత్తయ్య గొణిగింది. అంతకుముందు మాటేమిటని పిట్ట అడిగింది.

"నాకు జ్వరం వస్తోంది అత్తయ్యా. రాత్రిళ్ళు చెమటలు. పాత జబ్బే తిరగబెట్టిందనుకుని నిన్న స్టెరాయిడ్ ఒక మాత్ర ఎక్కువేసుకున్నాను. అది టీబీ అయితే ఆ మాత్ర దానికి మేత వేసినట్టే కదా."

ఈ మాట వినగానే అత్తయ్య మొహం పాలిపోయింది. జ్వరం సంగతి ఆవిడకి తెలియదు. ఆ ఇంట్లో ఎవరి రహస్యం వాళ్ళది. ఇంకొకళ్ళు బాధపడతారని దాచుకోవడమే ప్రేమ అని ముగ్గురూ గట్టిగా నమ్మారు. అంతగా నమ్మినవాళ్ళని చూస్తే నాకు జాలి కన్నా చిరాకే ఎక్కువ.

పిట్ట ఫోన్ తీసింది. అత్తయ్య చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది. ఇవాళ్టి ఇంజెక్షన్ పడనీ, తర్వాత చెబుదాం అంది. ఇప్పుడు చెబితే ఆపేస్తారు. మళ్ళీ మొదటికొస్తుంది. నాకు దగ్గు తగ్గుతూనే ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను, ఇంకో పది రోజుల్లో అదే పోతుంది.

"మళ్ళీ ఆ బాత్రూం గడప మీద తలపెట్టుకుని పడుకుంటావుటే? నేను చూడలేనమ్మా."

మీరైతే ఏం చేస్తారో నాకు తెలియదు. పిట్ట మాత్రం ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. మొదటి ఇంజెక్షన్ పడ్డాక ఆమె ఒక రాత్రి తెల్లవార్లూ నిద్రపోయింది. ఏడాదిలో అదే మొదటిసారి. బస్సులో కూర్చుంటే దిగాల్సి వస్తుందేమోనని చెమటలు పట్టలేదు. పళ్ళెంలో అన్నాన్ని చూసి భయపడకుండా కలుపుకుని తింది. నెత్తురు ఆగింది. ఇప్పుడు డాక్టరమ్మ అడగాల్సింది అడిగేసింది, లేదన్న జవాబు రాసేసుకుంది కూడా. నోరు మూసుకుంటే చాలు, మధ్యాహ్నానికి రెండోది పడిపోతుంది. వేయించుకుంటే ఛాతీలో ఏముందో అది రాజ్యమేలుతుంది. వేయించుకోకపోతే పేగులు మళ్ళీ మొదలుపెడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పిట్టకి నిజంగానే ఆశ పుట్టింది. ఆ ఆశని చూసి తనకే భయమేసింది. అత్తయ్య చేతిని మెల్లగా విడిపించుకుని నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది.

డాక్టరమ్మ గొంతు ఆ గదిలో ఎంత స్పష్టంగా వినిపించిందంటే, ఆవిడ కూడా మూడో ఆర్టిస్టులా మైకు ముందు నిలబడినట్టుంది. పిట్ట ఉన్నదున్నట్టు చెప్పింది. జ్వరం, చెమటలు, తనంతట తను ఎక్కువేసుకున్న మాత్ర, అత్తయ్య దగ్గు, ఆవిడ వేసుకుంటున్నానన్న మాత్రలు. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టకపోవడమే ఎక్కువ భయపెట్టింది. ఇవాళ ఇంజెక్షన్ వద్దే వద్దంది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేయకూడదు, తనంతట తను పెంచనూ కూడదు, ఇదివరకు చెప్పినంతే వేసుకోవాలి. అత్తాకోడళ్ళిద్దరూ మూతికి మాస్కు కట్టుకుని వెంటనే ఆస్పత్రికి రావాలి. అత్తగారి కఫం పరీక్ష చేయాలి, పిట్టకి మళ్ళీ ఎక్స్‌రే తీయాలి. ముందే తెలుసుకుంటే టీబీకి మందుంది, పేగులకి కూడా వేరే దారులున్నాయి, ఆశ వదులుకోవద్దని చెప్పింది. చెప్పకముందు ఉన్న బరువుకీ చెప్పాక ఉన్న బరువుకీ ఎంత తేడానో పిట్టకి అప్పుడే తెలిసింది.

"అత్తగారు పక్కనే ఉన్నారా? మాత్రలేవో వేసుకుంటున్నానని అన్నారట. ఏ మాత్రలమ్మా?" అంది డాక్టరమ్మ.

అత్తయ్య ముందుకి వంగి, ఎర్రగా ఉంటాయండీ, పరగడుపున వేసుకోమన్నవి అంది. అవి వేసుకుంటే మూత్రం కూడా ఎర్రగా వస్తోందా అని డాక్టరమ్మ అడిగింది. వస్తోందని అత్తయ్య ఒప్పుకుంది.

"అవి టీబీ మాత్రలమ్మా. మీకు ఇంకా పరీక్షే చేయలేదంటున్నారు. మరి ఎవరిచ్చారు?"

"ఇంట్లో ఉన్నవేనండీ."

"ఇంట్లో ఎవరి కోసం తెచ్చినవి?"

"నా కోసమే," అంది అత్తయ్య.

రెండు ముక్కల్లో తేల్చేసింది. తడబాటు లేదు, ఆయాసం లేదు, ఊపిరి తీయాల్సిన చోట తీసింది, దించాల్సిన చోట గొంతు దించింది. వినేవాళ్ళెవరైనా నమ్మేవాళ్ళే. కానీ ఆ గొంతు పక్కన నిలబడి పని నేర్చుకున్నది పిట్ట. ఇందాక స్టూలు మీద కూర్చుని మాట్లాడిన ముసలావిడ గొంతు ఏదో, ఇప్పుడు మాట్లాడిన గొంతు ఏదో ఆమెకి తెలుసు. అత్తయ్య డైలాగు చెప్పింది.

చెప్పి, ఆవిడ కళ్ళు అద్దం వైపు వెళ్ళాయి. తల తిప్పలేదు, కళ్ళు మాత్రమే తిరిగాయి.

అద్దం అవతల పిట్ట భర్త నిలబడి ఉన్నాడు. భార్యని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పనిలోంచి ఇప్పుడే వచ్చాడు. ఈ గదిలో నడిచిందేదీ అతనికి వినిపించదు. చేతిలో మందుల దుకాణం వాళ్ళు ఇంజెక్షన్ పెట్టి ఇచ్చిన ఐసు డబ్బా ఉంది. దాన్ని పైకెత్తి చూపించి, టైమవుతోందని సైగ చేసి నవ్వాడు.

పిట్టకి పోయినేడాది గుర్తొచ్చింది. తను మొదటిసారి ఆస్పత్రిలో పడ్డప్పుడు ఆయనకి దగ్గు పట్టుకుంది. దుమ్ము పడటం లేదన్నాడు. తను ఇంటికొచ్చాక కూడా, నీ నిద్ర పాడవుతుందని ముందుగదిలో పడుకున్నాడు. దగ్గు తగ్గింది, లోపలికొచ్చేశాడు. ఆ కొద్దిరోజులకే తనకి జబ్బు తిరగబెట్టింది, ఇల్లంతా తన పేగుల చుట్టూ తిరిగింది, ఇంకెవరి ఒంటి సంగతీ ఎవరూ అడగలేదు. మొన్న డాక్టరమ్మ ముందు, తను నోరు తెరిచేలోపే, ఆయన లేదండీ అన్నాడు.

"పిట్టా," అంది అత్తయ్య. "వాడు నీకోసమే..."

"లైన్లో ఉన్నారా?" ఫోన్లో డాక్టరమ్మ అడుగుతోంది. "ఆ మాత్రలు ఎవరివో నాకు తెలియాలి. సగంలో మానేసినవాళ్ళెవరైనా ఆ ఇంట్లో ఉంటే సంగతి వేరేగా ఉంటుంది, మామూలు మందుకి లొంగని టీబీ కావచ్చు."

పిట్ట బరువైన తలుపు లాగింది. ఫోన్ చేతిలోనే ఉంది, కట్ చేయలేదు. చెవులాయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఇలాంటివి ఆయన కోయగలిగినవి కావు.

భర్త ఆమె మొహం చూసి డబ్బా దించాడు. ఏమైందనీ, ఒంట్లో బాగాలేదా అనీ అడుగుతూ నుదుటి మీద చెయ్యి వేయబోయాడు. పిట్ట ఒక అడుగు వెనక్కి వేసింది. పెళ్ళయ్యాక ఆయన చేతికి అందకుండా జరగడం అదే మొదటిసారి.

"మీ మందులు మధ్యలో ఎప్పుడు మానేశారు?" అని అడిగింది.

ఏ మందులని అతను అడగలేదు.